ఉప్పు నీళ్ల సీసా

పోయిన వారం నళినిని నారాయణగూడ చౌరస్తాలో నిలబెట్టి వచ్చాం. చిక్కడపల్లి వైపు వెళ్లే బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. ఆమె కుడిచేతిలో ఒక స్టీలు చెంచా ఉంది. అది ఆమెది కాదు.

మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. చిక్కడపల్లిలో నళిని భర్త నర్సింగ్‌రావు నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్, కంప్యూటర్ల దెబ్బకు ఖాళీ అయి ఈ ఉగాదికి మూతపడింది. ఇప్పుడాయన ఒక వకీలు దగ్గర టైపు చేస్తున్నాడు. అశోక్‌నగర్‌లో ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్ వాళ్లు, వంట నేర్చిన కాగితం ఉంటే వంటగది నళినికే అప్పగిస్తామన్నారు. అందుకని ముప్పై ఆరేళ్ల వయసులో ఆమె నారాయణగూడ వంట స్కూల్లో ఆరు నెలల కోర్సుకు చేరింది. నిజం చెప్పాలంటే నేర్చుకోవడానికి చేరలేదు, కాగితం కోసం చేరింది. నేర్చుకోవడానికి ఆమెకు ఇంకేం మిగిలిందని? దేవుడికి చూపించకముందు వంటకు నాలుక తగలకూడదన్నది వాళ్లింటి పద్ధతి. అలా రుచి చూడకుండానే, పిడికిటి అంచనాతో ఉప్పు వేసి, పదిహేనేళ్లలో ఒక్క రోజు కూడా తప్పని చెయ్యి అని వాళ్ల వీధిలో ఆమెకు పేరు.

ఆ చెయ్యి శనివారం మధ్యాహ్నం తప్పింది. యాభై మందికి చేసిన పుల్లటి పప్పును, అదే ఖట్టీ దాల్‌ను వంట నేర్పే ఇంద్రసేన సార్ ఒక చెంచాడు నోట్లో వేసుకుని, సింకు దగ్గరికి వెళ్లి ఉమ్మేసి వచ్చారు.

"రుచి చూసిన్రా?"

"లేదు సార్. మా ఇంట్ల చూడరు. చెయ్యి చెప్తది."

"ఇయ్యాల చెయ్యి అబద్ధం చెప్పిందమ్మా."

ఆయన తన కోటు జేబులోంచి చెంచా తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "సోమవారం పరీక్ష. ఈ చెంచా తడవకుండా మీ గంజు పొయ్యి దిగిందంటే మీ కాగితం మీద నా సంతకం ఉండదు."

అదీ ఆ చెంచా కథ.

"అక్క, బస్సు పోయింది. దానికి టాటా చెప్తున్నవా?"

వెనకనుంచి అంబిక వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అంబికకు ఇరవై ఏళ్లు. తల్లి మాసమ్మ, తండ్రి పీరయ్య పాలమూరు నుంచి వలస వచ్చి, అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉంటూ కట్టడాల దగ్గర కూలి చేస్తారు. స్కూల్లో చేరిన మొదటి రోజు యాభై మందికి వండే గంజును రెండు గుడ్డలతో ఎట్లా ఎత్తాలో నళినికి చూపించింది ఈ పిల్లే. పరీక్ష గట్టెక్కితే హిమాయత్‌నగర్‌లో ఒక హోటల్ వాళ్లు అంబికను వంటింట్లోకి తీసుకుంటామన్నారు. అక్కడ ఇంతవరకు ఆడపిల్ల పని చేయలేదు.

"నడుద్దాం పా. బస్సుల నువ్వు ఏడిస్తే కండక్టర్ కన్నీళ్లకు కూడ టికెట్ కొడ్తడు," అంది అంబిక.

"నేను ఏడుస్తలేను."

"అవును, చూస్తున్న. కండ్లల్ల ఉల్లిగడ్డ పడ్డది."

నడుస్తూ నళిని అదే మాట మళ్లీ మళ్లీ అంది. పదిహేనేళ్లు. ఒక్క రోజు తప్పలేదు. మామగారు పోయేదాకా రోజూ మెచ్చుకుంటూ తిన్నాడు. ఎదురింటి వాళ్ల సీమంతానికి ఎనభై మందికి వండింది. అప్పుడు తప్పనిది ఇప్పుడెట్లా తప్పుతుంది?

అంబిక కొంతసేపు విని, చిక్కడపల్లి మార్కెట్ దగ్గర ఠక్కున ఆగింది.

"అక్క, మీ ఇంట్ల ఏ ఉప్పు?"

"దొడ్డుప్పు. జాడిల పోసుకుంటం."

"స్కూల్ల?"

నళిని తన పిడికిలి వైపు చూసుకుంది. స్కూల్లో ప్యాకెట్ ఉప్పు. పిండిలా సన్నగా ఉండేది. ఇన్నాళ్లూ జట్టులో ఇంకెవరో కొలిచి వేసేవారు; తన పిడికిటితో వేసింది శనివారమే.

అంబిక ఆమె చెయ్యి పట్టుకుని ఉప్పలయ్య కిరాణా కొట్టు దగ్గరికి లాక్కుపోయింది. "అన్నా, నీ తక్కెడ జర ఇటియ్యి. అక్కా, ఈ పళ్లెంల ఒక పిడికెడు దొడ్డుప్పు పెట్టు. ఆ పళ్లెంల ఒక పిడికెడు సన్నుప్పు పెట్టు. నీ పిడికిలే, నాది కాదు."

"ఉప్పు కొననీకె వచ్చిన్రా, తూకం నేర్వనీకె వచ్చిన్రా?" అన్నాడు ఉప్పలయ్య. అయినా తక్కెడ ఇచ్చాడు.

నళిని రెండు వైపులా వేసింది. సన్నుప్పు పళ్లెం మెల్లగా కిందికి దిగి గల్లాపెట్టె మీద ఆనింది. దొడ్డుప్పు పళ్లెం గాల్లో వేలాడింది.

అంబిక దొడ్డుప్పు పళ్లాన్ని వేలితో తట్టింది.

"రాళ్ల మధ్యల సందులుంటయి. పిండికి సందులేడియి?" అంది అంబిక. "మా అమ్మ ఇసుకకు, కంకరకు ఇట్లనే చెప్తది. తట్ట ఒకటే, బరువు ఒకటి గాదు."

నళిని ఆ పిల్లను దుకాణం ముందే దగ్గరికి తీసుకుంది. అప్పటిదాకా మోసిన సిగ్గు అంతా ఆ పళ్లెంతో పాటు కిందికి దిగినట్టయింది. తన చెయ్యి తప్పలేదు. ఉప్పు మారింది. అంతే.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు సులోచనమ్మ వరండాలో పీట వేసుకుని గోకరకాయలకు ఈనెలు తీస్తోంది. నళిని చెప్పులైనా విడవకుండా మొత్తం చెప్పేసింది. సార్ ఉమ్మేయడం, చెంచా, ఉప్పలయ్య తక్కెడ. చివరికి వచ్చేసరికి నవ్వుతోంది కూడా.

"అయితే నా చెయ్యి తప్పలేదత్తమ్మ. గా సన్నుప్పు తప్పు."

సులోచనమ్మ చేతిలో కాయ సగం విరిగి ఆగింది. "సోమవారం ఏం చేస్తవ్ మరి?"

"పిడికెడు బదులు అరపిడికెడు ఏస్త. చెంచా ఊరికే తడిపి, నోటి దగ్గర పెట్టినట్టు చేస్త. సార్‌కు అంతే కదా కావాల్సింది."

సులోచనమ్మ విరిగిన కాయను పళ్లెంలో పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. వంటింట్లోకి వెళ్లి, పచ్చడి జాడీల వెనక చెయ్యి పెట్టి ఒక సీసా తెచ్చింది. పాతకాలపు దగ్గు మందు సీసా, కాగితం ఎప్పుడో ఊడిపోయింది. లోపల నీళ్లు. దాన్ని కోడలి ముందు పెట్టింది.

"ఇదేందో ఎరుకేనా?"

"ఎరుకే. మీరు గొంతు పుక్కిలించే ఉప్పు నీళ్లు."

"నేను పుక్కిలించంగ ఏనాడన్న చూసినవా?"

నళిని ఆలోచించింది. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ సీసాను చూస్తోంది. పుక్కిలించడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

"కూసో," అంది సులోచనమ్మ. "నువ్వు వంట చేసి నైవేద్యం చిన్న గిన్నెల తీస్తవ్. దేవుని గూటి దగ్గరికి పోయి పరదా ఏస్తవ్. గంట కొడ్తవ్. గంట మోగంగ నేనేం చేస్త?"

"గిన్నెల మీద మూతలు పెడ్తరు."

"తీసి పెడ్త."

వీధిలో ఎవరో గంట మోగిస్తూ సైకిల్ మీద పోయారు. నళినికి ఆ చప్పుడు వేరే ఊళ్లోంచి వచ్చినట్టుగా వినబడింది.

"ఉప్పు తక్కువుంటే ఈ నీళ్లు పోస్త. పలుకులేస్తే కరగక పంటి కింద పడి దొరికిపోతయి. నీళ్లైతే కలిసిపోతయి. ఎక్కువైతే ఇంత చింతపులుసు పోస్త, లేకుంటే బియ్యప్పిండి ముద్ద ఏసి గుంజుకున్నంక తీసేస్త. నువ్వు హారతిచ్చి వచ్చేలోపల కావాలె. మొదట్ల నా గుండె దడదడ కొట్టుకునేది. తర్వాత అలవాటైంది."

"రోజూనా?" అంది నళిని.

"నువ్వొచ్చిన కొత్తల రోజూ. తర్వాత వారంల నాలుగు దినాలు. ఇప్పుడు రెండు దినాలు, ఒక్కోపాలి ఒకటి."

"సీమంతం వంట?"

"ఆ దినం సగం సీసా వట్టింది."

నళిని లేచి నిలబడింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలో మాటలు తప్పుగా వస్తాయని తెలిసినా ఆపుకోలేకపోయింది. "వీధంత నా చేతిని మెచ్చుకుంటుంటే మీరు లోపల నవ్వుకున్నరా అత్తమ్మ? నేను కోర్సుల చేరుతనంటే అందరు సరే అన్నరు. మీరొక్కరే నోరు తెరవలేదు. కోడలు బయటికి పోవుడు మీకు ఇష్టం లేదనుకున్న. ఇన్ని నెలలు అదే మనసుల వెట్టుకున్న. మీరేమో..."

"భయమైంది," అంది సులోచనమ్మ. "ఆడ మూతలు తీసేటోళ్లు ఎవరుంటరని భయమైంది. చెప్పాలెనని రోజూ అనుకున్న. చెప్తే నువ్వు పొయ్యి దగ్గరికే పోవేమో అని అదొక భయం."

ఆమె మళ్లీ పీట మీద కూర్చుంది. కాయ ఒకటి చేతిలోకి తీసుకుంది గానీ విరవలేదు.

"నా లగ్గమైన నెలకు మా ఇంట్ల పది మంది బంధువులు తినటానికి కూసున్నరు. పప్పుల ఉప్పెక్కువైంది. మా అత్త నన్ను పిలిచి గిన్నెను నా కాళ్ల ముందట బోర్లించింది. 'నువ్వే తిను' అన్నది. అందరు చూస్తనే ఉన్నరు. కింద నుంచి ఎత్తుకొని తిన్న. నువ్వొచ్చిన మొదటి దినం నీ పచ్చిపులుసుల ఉప్పు లేనే లేదు. పెద్దాయన పళ్లెం ముందట కూసున్నడు. నాకు మా అత్త గిన్నె కండ్ల ముందట కనవడ్డది. గబగబ ఉప్పు నీళ్లల్ల కలిపి పోసిన. ఆయన తిని, 'కోడలి చేతిల అంచనా ఉన్నది సులోచనా' అన్నడు. నీ మొఖం చూసిన. దీపం వెట్టినట్టున్నది. ఎట్ల చెప్పాలె? మరునాడు చెప్దామనుకున్న. మరునాడు ఇంకెవరో మెచ్చుకున్నరు."

 నళిని మనసు ఇంకోచోట ఉంది. నైవేద్యం గిన్నె దగ్గర.

పూజ అయ్యాక ఆ గిన్నె ఎప్పుడూ సులోచనమ్మదే. ఇంకెవరికీ ఇవ్వదు. నళిని కూతురు త్రివేణి చిన్నప్పుడు దాని కోసం కింద పడి ఏడ్చినా ఇవ్వలేదు. పెద్దావిడకు ప్రసాదం మీద ఇంత ఆశ ఏమిటని నళిని చెల్లెళ్లతో చెప్పి నవ్వింది కూడా. మూడేళ్ల కింద బీపీ అని తేలి డాక్టర్ ఉప్పు తగ్గించమన్నప్పుడు, కనీసం ఆ గిన్నె మానమని తనే గొడవ పెట్టుకుంది. ఆమె మానలేదు.

ఇంట్లో సరిదిద్దకుండా మిగిలేది ఆ ఒక్క గిన్నే.

"అత్తమ్మ," అంది నళిని. "ప్రసాదం మీరే తినేది... అందుకేనా?"

"ఎవలన్న తింటే తెలిసిపోతది గద."

ఇప్పుడు ఏడుపు వచ్చింది. నళిని పీట పక్కన నేల మీద కూలబడి, అత్తగారి ఒళ్లోని గోకరకాయల పళ్లేన్ని పక్కకు జరిపి, అక్కడ తల పెట్టింది. సులోచనమ్మ చేతులకు పచ్చి వాసన. ఆ చేతితోనే కోడలి జుట్టు నిమిరింది. 

"ఇప్పుడు నీ చెయ్యి మంచిదే బిడ్డా. నేను అబద్ధం చెప్తలేను. వారంల ఐదు దినాలు సరిగ్గ పడ్తది. కాని ఎంత మంచి చెయ్యైనా రెండు దినాలు తప్పుతది. మనిషి చెయ్యి అది. హాస్టల్ల అరవై మంది ఆడపిల్లలు దినమంత పని చేసొచ్చి కూసుంటరు. నీ రెండు తప్పు దినాలు వాళ్లెందుకు తినాలె?"

నళిని ముఖం తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చి ఒక్కసారి తల ఎత్తింది. "మరి దేవుడు?"

"ఏ దేవుడు?"

"నైవేద్యం అత్తమ్మ! గిన్నె తీసినంకనే కదా మీరు కలిపేది."

సులోచనమ్మ గూటి వైపు చూసింది. "అవును. ఆయనకు మాత్రం పదిహేనేండ్లు నీ చేతి ఉప్పే పోయింది. ఒక్కనాడు పరదా జరిపి అడగలే, పాపం."

నర్సింగ్‌రావు ఆఫీసు నుంచి వచ్చి గేటు తీసేసరికి, వరండాలో అత్తాకోడళ్లు కళ్ల నీళ్లతో నవ్వుతున్నారు. మధ్యలో ఒక దగ్గు మందు సీసా ఉంది. ఆయన దాన్ని చూసి, వాళ్లను చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయాడు. తెలివైన మనిషి.

*

ఆదివారం పొద్దున దోసకాయ పప్పు. నళిని దించి పెట్టింది. సులోచనమ్మ పక్కనే నిలబడింది.

"ముందుగాల దేవుని వంతు తియ్యి."

నళిని చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టింది.

"ఆయన వంతు ఆయనకైంది. ఇగ మిగిలింది మన వంతు. నీ వంతుకు నువ్వు నాలుక వెడితే తప్పేంది? గంటెతోని చెంచాల పోసుకో. ఎంగిలి చెంచా గిన్నెల పడొద్దు."

"మా సార్ కూడ ఇదే చెప్తడు అత్తమ్మ. గిన్నెల నుంచి తీసేది ఒకటి, నోట్ల పెట్టేది ఒకటి."

"మీ సార్ కూడ ఏ అత్త దగ్గర్నో నేర్సిండు."

చెంచా పెదవుల దగ్గరికి వెళ్లి ఆగింది. పదిహేనేళ్ల అలవాటు నోటికి తాళం వేసింది. ముప్పై ఆరేళ్ల మనిషి, చిన్నపిల్లలా అత్తగారి వైపు చూసింది.

"మందనుకొని మింగు."

మింగింది. పప్పు వేడిగా నాలుక మీద పరుచుకుంది. అందరికీ వడ్డించి, చివర్లో గిన్నె అడుగున చల్లారిన దాన్ని తినడమే ఆమెకు తెలుసు. తన వంటను తాను పొయ్యి దగ్గర వేడివేడిగా, అందరికన్నా ముందు తినడం ఇదే మొదటిసారి. దోసకాయ పులుపు, వెల్లుల్లి, చివర్న కాస్త కారం, అన్నీ ఒక్కటొక్కటిగా తెలిశాయి. తెలియనిది ఒక్కటే.

"ఉప్పు తక్కువున్నది," అంది నళిని.

"ఎంత?"

అదీ ప్రశ్న. ఆమె కళ్లు మూసుకుంది. "ఒక చెంచా నీళ్లు."

సులోచనమ్మ సీసా మూత తీసి కోడలి చేతికి ఇచ్చింది. నళిని పోసింది, కలిపింది, చెంచా కడిగి మళ్లీ చూసింది. సరిపోయింది. సరిపోయిందని ఇంకొకరు చెప్పకుండా తనకే తెలిసింది.

గంట మోగింది, హారతి అయింది. అలవాటు ప్రకారం నైవేద్యం గిన్నె కోసం సులోచనమ్మ చెయ్యి చాపింది. నళిని ఇవ్వలేదు. అక్కడే నిలబడి, ఉప్పు తక్కువైన ఆ గిన్నెలో సగం తనే తింది.

"ఉప్పు లేదత్తమ్మ."

"పదిహేనేండ్లకు ఒప్పుకున్నవ్."

"ఈ దినం నుంచి ఇది నాది. రేపటి సంది ఆయనకు కూడ రెండు చుక్కలు పోసి పెడ్దాం."

మిగిలిన సగం గిన్నె లాక్కుని సులోచనమ్మ తింది. నిన్నటిదాకా దాచినదాన్ని ఇప్పుడు ఇద్దరూ పంచుకున్నారు.

*

సోమవారం పది గంటలకు వంట స్కూలు గేటు బయట మాసమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, మడత ఇంకా విడలేదు.

"మా పిల్లను జర చూడు నళినమ్మా," అంది. "రాత్రంత లెక్కలు చదివినట్టు ఉప్పు కొలతలు చదివింది."

"ఆమె నన్ను చూసిందమ్మా ఇన్ని రోజులు," అంది నళిని. ఆ మాట మనసులోంచి వచ్చింది.

లోపల పన్నెండు పొయ్యిలు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి పేరు భాగ్యశ్రీ మేడం, యాభై దాటిన మనిషి, కాటన్ చీర కొంగు నడుముకు బిగించి పొయ్యిల మధ్య తిరుగుతోంది. నళినికి బగారా బైంగన్ వచ్చింది. పక్క పొయ్యి అంబికది. ఆమెకు ఖట్టీ దాల్. శనివారం నళినిని ముంచిన వంటే.

వంకాయలు మెత్తబడ్డాక నళిని ముందుగా ఒక చెంచాడు తీసి చిన్న గిన్నెలో పక్కన పెట్టింది. క్షణం కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఇంద్రసేన సార్ నిలబడి ఉన్నారు. ఆ చిన్న గిన్నెను చూశారు. ఆమె గంటెతో ఆయన ఇచ్చిన చెంచాలో పోసుకుని రుచి చూసింది. చిటికెడు ఉప్పు వేసింది. మళ్లీ చూసింది. ఇంకొంచెం చింతపులుసు పోసింది. మూడోసారి చూసి మంట తగ్గించింది.

"చెంచా తడిసింది," అన్నారు సార్. అంతే అన్నారు. కానీ వెళ్తూ వెళ్తూ ఆయన నవ్వడం నళిని చూసింది.

ఇంటికి వెళ్లి అత్తగారికి ఎట్లా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ ఉండగానే భాగ్యశ్రీ మేడం చప్పట్లు కొట్టింది.

"అందరూ మంట తగ్గించండి. ఎవరి వంట వాళ్లు రుచి చూసుకోవడం సగం పని. హోటల్లో, హాస్టల్లో ఇంకొకరు వండింది మీ చేతిమీదుగా బయటికి పోతుంది. అందుకని చీటీలు తీయండి. ఎవరి పేరు వస్తే వాళ్ల గంజు దగ్గరికి నాతో రండి. రుచి చూసి ఉన్నది ఉన్నట్టు నాకు చెప్పండి. తర్వాత నేను చూస్తాను. ఉన్న తప్పు దాచినా, లేని తప్పు చెప్పినా ఈ పరీక్ష పోయేది చెప్పినవాళ్లది. తప్పు ఉంటే వండినవాళ్లదీ పోతుంది."

నళిని చీటీ విప్పింది. అంబిక.

పిల్ల ఆమెను చూసి కన్ను గీటింది. హాయిగా ఉంది. నళినక్క వస్తోందంటే ఇంకేం భయం అన్నట్టు పక్కకు జరిగి దారి ఇచ్చింది. దాల్ పసుపుపచ్చగా, పైన పోపుతో మెరుస్తోంది. వాసన అద్భుతంగా ఉంది. నళిని గంటెతో చెంచాలో పోసుకుని నోట్లో పెట్టుకుంది.

చింతపండు తెలిసింది. పచ్చిమిరపకాయ తెలిసింది. జీలకర్ర తెలిసింది.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలే లేదు.

ఆమె చూపు తనంతట తానే పొయ్యి పక్కకు వెళ్లింది. కొత్తిమీర కట్ట వెనక ఒక చిన్న గిన్నె ఉంది. అందులో అంబిక రాత్రంతా చదివి చదివి, పొద్దున తక్కెడలో తూచి పెట్టుకున్న ఉప్పు, అంచు దాకా, చెక్కు చెదరకుండా ఉంది. దాని పక్కన అంబిక చెంచా తడవనే లేదు.

నళిని చూపు ఎక్కడ ఆగిందో అంబిక చూసింది. కొత్తిమీర వెనక్కి తనూ చూసింది. ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది.  కిటికీ అవతల, గేటు పక్కన, మడత విడని చీరలో మాసమ్మ ఇటే చూస్తోంది.

ఒక్క నిమిషం చాలు. ఆ గిన్నె ఒంపి, రెండు తిప్పులు తిప్పితే అయిపోతుంది.

"చెప్పండమ్మా," అంది భాగ్యశ్రీ మేడం, తన చెంచా గంజు మీదికి చాపుతూ. "ఉప్పు ఎట్లా ఉంది?"

సులోచనమ్మకు ప్రతిరోజూ గంట మోగినంత సేపు ఉండేది. నళినికి అంత సేపు కూడా లేదు. ఆమె నోరు తెరిచింది.